కమాను ఎత్తు

ట్రాక్టరు తనంతట తాను ఆగలేదు. గుమ్మం పైదూలం దాన్ని ఆపింది. డ్రైవరమ్మ క్లచ్ తొక్కేలోపే ఆమె తల వెనక ఇనుము చెక్కకు తగిలిన చప్పుడు ఒక్కసారి, పొడిగా వినిపించింది. షెడ్డు లోపల క్రేట్లు కడుగుతున్న ఆడవాళ్లు తలలెత్తారు. దూలం మీద ఏళ్లుగా పేరుకున్న దుమ్ము రాలి ఆమె భుజాల మీద పడింది.

కొత్త ట్రాక్టరు చిన్నది. పాతదానిలో సగం ఉంటుంది. బేరిచెట్ల వరసల మధ్య తిరగడానికని ఏరి కొన్నారు. పది రోజులుగా వరసల్లోనే తిరిగింది, షెడ్డులోకి రావడం ఆ గురువారమే మొదలు. సీటు వెనక నుంచి లేచి, డ్రైవరు తలకు మూరెడు ఎత్తున వంపు తిరిగి, అవతలి పక్కకు దిగే ఇనుప గొట్టం ఒక్కటే ఆ చిన్న ఒంటికి పొడుగు. కాయితాల్లో దాని పేరు రోల్‌బార్. తోటలో వాళ్లు చూసిన రోజే కమాను అన్నారు. బండి బోల్తా పడితే నేలకూ మనిషికీ మధ్య నిలబడేది అదే.

"బట్టలారేసుకోవడానికి బాగుందే," అంది లోపల నుంచి ఒకామె.

"తలుపులో పట్టని పెళ్లికొడుకుని తెచ్చారు," అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. డ్రైవరమ్మ కూడా నవ్వి, బండిని రెండడుగులు వెనక్కి తీసి, దిగింది.

మేనేజరు నడుముకు ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉంటుంది. దాన్ని తీసి గుమ్మం కొలిచాడు, కమాను కొలిచాడు, మళ్లీ గుమ్మం కొలిచాడు. గుమ్మం ఏడడుగుల రెండంగుళాలు. కమాను ఏడడుగుల ఎనిమిది.

"ఆరంగుళాలు," అన్నాడు, దొంగ దొరికినట్టు. "సోమవారం కోత మొదలు. ట్రాలీ లోపలికి రాకపోతే క్రేట్లన్నీ వాకిట్లో దింపి చేతుల మీద మోసుకురావాలి. ఎండలో గంట ఉంటే చాలు, కాయ మెత్తబడుతుంది."

అది నిజం. ఆయన చెప్పేవాటిలో చాలా భాగం నిజమే అయి ఉండేది. అందుకే ఆయనతో వాదించడం కష్టం.

"మడిచే రకం కమాన్లు ఉంటాయంటగా సార్?"

"ఈ మోడలుకి రాదట, అడిగాను. మీ ఆయన వెల్డరే కదమ్మా. కాళ్లు చెరో తొమ్మిదంగుళాలు కోసి మళ్లీ అతికిస్తాడు. ఎందుకైనా మంచిదని మూడంగుళాలు ఎక్కువే చెబుతున్నా. శనివారానికల్లా బిగించుకోవచ్చు."

కమాను కాలి మీద అరచేతంత పసుపు కాగితం అతికించి ఉంది. డ్రైవరమ్మ దాని మీద వేలు పెట్టింది. "కొయ్యొద్దు, చిల్లు పెట్టొద్దు, వెల్డింగు చెయ్యొద్దు అని రాసుంది సార్."

"అన్నిటి మీదా ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు. ట్రాక్టరుని కొన్నది మనమమ్మా, మనల్ని ట్రాక్టరు కొనలేదు." తన మాట తనకే నచ్చి ఆయన చిన్నగా నవ్వాడు. "అయినా పాతదానికి అసలు కమానే లేదు. దాన్ని నడిపావుగా?"

"నడిపాను."

"మరి?"

పైవరసల్లో నేల ఏటవాలు. బండి మలుపు తిరిగినప్పుడు ఎగువ చక్రం బరువు కోల్పోవడం సీటు కింద తెలుస్తుంది. ఆ తేలిక ఒక్క క్షణమే ఉంటుంది. ఆ క్షణంలో ఆమె ఎప్పుడూ ఊపిరి బిగబట్టేది. ఊపిరి బిగబడుతున్నానని మాత్రం ఆమెకు తెలియదు. గత పది రోజులుగా కొత్త బండి మీద అదే మలుపు తిరుగుతూ, ఊపిరి ఆడుతూనే ఉందని గమనించాక తెలిసింది. ఇన్నేళ్లూ తనకు భయం లేదనుకుంది. భయపడే వీలు లేకపోవడాన్ని ధైర్యమనుకుంది.

"కోసి అతికించిన దాని కింద కూర్చుని పైవరసలకి వెళ్లను సార్," అంది చివరికి. "ఇది ఇలాగే ఉంటే ఎక్కడికైనా వెళ్తాను."

మేనేజరు టేపును చుట్టలోకి వదిలాడు. అది చర్రున లోపలికి పోయింది. "సోమవారం పొద్దున ట్రాలీ ఈ గుమ్మంలోంచి లోపలికి రావాలి. నువ్వు తెస్తే నువ్వు. లేదంటే ఒకాయన ఉన్నాడు, కబురు పెడతాను. అప్పటిదాకా నువ్వు లోపల బల్ల దగ్గర కూర్చో."

ఆ మధ్యాహ్నమే నాలుగు బోల్టులు విప్పారు. కమాను లేని ట్రాక్టరు వాకిట్లో, చొక్కా విప్పిన మనిషిలా, ఇంకా చిన్నదిగా కనిపించింది.

*

మర్నాడు సాయంత్రం ఆమె తన భర్త వెల్డింగు షాపుకు వెళ్లేసరికి కమాను రెండు ఇనుప స్టాండ్ల మీద పడుకుని ఉంది. రెండు కాళ్ల మీదా సుద్దతో రెండేసి గీతలు. గీతలు ముచ్చటగా, మూలమట్టం పెట్టి గీసినట్టు ఉన్నాయి. అతను ఏ పనీ వంకరగా చెయ్యడు.

"గీతలు పెట్టేశావా అప్పుడే," అంది, గుమ్మంలోనే నిలబడి.

"వచ్చిన పనిని వెనక్కి పంపమంటావా? తోట పని ఇవాళ కాదంటే రేపు ఇంకో షాపు వెతుక్కుంటారు." అతను గ్రైండరు వైరు విప్పుతున్నాడు. "నేను వేసిన కుట్టు ఇంతవరకూ ఒక్కటి విడిపోయిందా చెప్పు. ఊళ్లో సగం గేట్లు నావే."

"గేటు మీద ఎవరూ తలకిందులుగా పడరయ్యా."

"నా వెల్డింగు మీద నీకు నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. వెల్డింగు సంగతి నాకేం తెలుసు? నీకే తెలియాలి."

ఆ మాట అతనికి తగిలింది. గ్రైండరు కింద పెట్టాడు. మూల నుంచి ఒక పాత గొట్టం తెచ్చాడు. కమాను అంత దళసరి కాదు గాని, అలాంటిదే, మందపాటి గోడలు ఉన్నది. మధ్యకు కోసి, అంచులు అరగదీసి, మళ్లీ అతికించాడు. ఆమె మొహం తిప్పుకుని నీలం వెలుగు గోడ మీద ఆడటం చూసింది. అతను తొందరపడలేదు. కుట్టు చుట్టూ తిరిగి వచ్చింది, చేప పొలుసుల్లా, ఒక దాని మీద ఒకటి. చల్లారాక దాని మీద సుత్తితో కొట్టి మసి రాల్చి, ఆమెకు చూపించాడు.

"చూడు."

"అందంగా ఉంది."

"అందం కాదు, పట్టు చూడు." గొట్టం ఒక కొసను బెంచీ పట్టకారులో బిగించాడు. రెండో కొసకు పొడుగాటి ఇనుప పైపు తొడిగాడు. ఇద్దరూ దాని మీద వేలాడారు. గొట్టం కొంచెం వంగింది. అతను నవ్వాడు. "చూశావా?"

"బండి బరువెంత?"

అతను నవ్వు ఆపేశాడు. గొలుసు జాకీ దించి, పైపు కొసకు తగిలించి, లాగడం మొదలుపెట్టాడు. గొలుసు ఒక్కో పన్ను టకటకమంటూ పోయింది. గొట్టం వంగుతూ వంగుతూ, ఒక్కసారి చెక్క విరిగినట్టు విరిగింది. పైపు నేల మీద పడి దొర్లింది.

కుట్టు చెక్కుచెదరలేదు. దాని పక్కన, వేలి వెడల్పు దూరంలో, నిప్పు తగిలి నీలంగా మారిన చోట గొట్టం తెగిపోయింది.

అతను ఆ విరిగిన అంచును చాలాసేపు బొటనవేలితో తడిమాడు. ఇరవయ్యేళ్లు ఒక పని చేసిన మనిషికి ఆ పనిలో తనకు కనబడనిది ఒకటి కనబడ్డప్పుడు పక్కవాళ్లు మాట్లాడకూడదని ఆమెకు తెలుసు.

"నా కుట్టు విరగలేదు," అన్నాడు చివరికి, మెల్లిగా. "దాని పక్కది విరిగింది. అతుకు బలంగా ఉంటే సరిపోదన్నమాట."

తడిగుడ్డ తీసుకుని సుద్ద గీతలు ఒక్కొక్కటే తుడిచేశాడు.

"మేనేజరుకి ఏం చెబుతావు?"

"కటింగు డిస్కు అయిపోయిందని చెబుతా."

"ఎదురుగా మూడున్నాయి కదయ్యా."

"ఆయన షాపుకొచ్చి లెక్కపెడతాడా ఏంటి?" అన్నాడు. ఒక క్షణం ఆగి, "కాదులే. కొయ్యకూడదు కాబట్టి కొయ్యలేదని చెబుతా. డిస్కు సంగతి ఆయన నమ్మకపోతే అప్పుడు," అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే, సోమవారం గురించి ఆలోచించింది. కమాను పొట్టిది కాదు. గుమ్మం పొడుగు కాదు. మధ్యలో మిగిలింది తనే.

*

శనివారం పొద్దున్నే వెల్డరు కమాను కొయ్యనని చెప్పేశాడు. అయితే అది లేకుండానే నడుస్తుందని మేనేజరు ఆ ఇంకొకాయనకు కబురు పెట్టాడు. ఆమె బల్ల దగ్గర కూర్చుని క్రేట్ల అడుగున పరిచే కాగితాలు మడిచింది. స్టీరింగుకు అలవాటైన చేతులకు కాగితం మరీ తేలిక. మడతలు వంకర పోతున్నాయి. పక్కనున్నామె తీసుకుని సరిచేసి పెడుతోంది.

బల్లకు ఎదురుగా గుమ్మం. రోజుకు ఇరవైసార్లు దాటిన గుమ్మాన్ని ఆమె ఎన్నడూ చూస్తూ కూర్చోలేదు. దాటేవాళ్లకు గుమ్మం కనబడదు. ఆగిపోయినవాళ్లకే కనబడుతుంది.

రెండు తలుపు రెక్కలూ గోడకు ఆనించి తీసి ఉన్నాయి. లోపలి వైపు పలకలను పట్టి ఉంచడానికి పైన ఒక అడ్డపట్టీ, నడుమ ఒక అడ్డపట్టీ, వాటిని కలుపుతూ ఏటవాలుగా ఒక పట్టీ. కింద మాత్రం అడ్డపట్టీ లేదు. నడుమ నుంచి కిందకు దిగిన ఇంకో ఏటవాలు పట్టీ దేన్నీ అందుకోకుండా తలుపు అంచు దగ్గర తెగిపోయింది. ఆమె చేతిలో కాగితం ఆగింది. తలుపు చేసిన వడ్రంగి పట్టీని గాలిలో వదిలేసి వెళ్లిపోడు.

లేచి వెళ్లి, గుమ్మం దగ్గర కూర్చుని, పలకల అడుగు అంచును తడిమింది. పైఅంచు నున్నగా చిత్రిక పట్టి ఉంది. కింది అంచు రంపం పళ్లతో గరుకుగా ఉంది.

"ఏం పోగొట్టుకున్నావే పిల్లా?" అంది వెనక నుంచి కొమ్మలత్త. ఆ తోటలో చెట్లకు కొమ్మలు కత్తిరించేది ఆమె. వయసు ఎంతో ఆమెకే తెలియదు. మేనేజరుతో సహా అందరూ అత్త అనే పిలుస్తారు.

"అత్తా, ఈ తలుపు కాళ్లు ఎవరో కోసేశారు."

కొమ్మలత్త కత్తెర చంకలో పెట్టుకుని వంగి చూసింది. "కోసింది మనవాళ్లే. వానాకాలం వాకిట్లో నీళ్లు లోపలికొస్తాయని నేల ఎత్తు చేశారుగా. తలుపు ఈడుస్తోందని కింద కోశారు. మళ్లీ నీళ్లొచ్చాయి, మళ్లీ ఎత్తు చేశారు, మళ్లీ కోశారు. నాకు గుర్తుండి మూడుసార్లు."

"మూడుసార్లా?"

"నేను కొమ్మ కోసినా అది మళ్లీ చిగురేస్తుంది. పాపం, ఈ తలుపుకి ఆ యోగం లేదు."

డ్రైవరమ్మ క్రేట్లు విప్పే ఉలి, సుత్తి తెచ్చింది. ద్వారబంధం మూలన సిమెంటు మీద పెట్టి కొట్టింది. బెచ్చు లేచింది. దాని కింద ఇంకో పొర, దాని రంగు వేరు. దాన్నీ కొట్టింది. ఆ పొర పై పొరకు అంటుకోలేదు, పలకలా ఊడి వచ్చింది. అరగంటకు ఆమె చెయ్యి మణికట్టు దాటి లోపలికి పోయింది. వేళ్లకు చల్లగా ఇనుము తగిలింది. తలుపు కింది బందు. తుప్పు పట్టి, సిమెంటులో కూరుకుపోయి, ఏ తలుపునూ మొయ్యకుండా, ఇంకా గోడకు బిగించే ఉంది. దాని కింద నల్లరాతి పాతనేల.

కాగితం మడిచే స్కేలు పెట్టి కొలిచింది. తొమ్మిదంగుళాలు.

ఆమె అక్కడే చతికిలబడి కూర్చుంది. వాకిట్లో నీళ్లు నిలిస్తే నేలను పెంచారు. నేల పెరిగితే తలుపును కోశారు. గుమ్మం ఎత్తు చాలకపోతే ఇప్పుడు కమానును కోస్తామన్నారు. కమాను కుదరకపోతే మనిషిని మారుస్తామన్నారు. ప్రతిసారీ కోయడానికి వీలుగా ఏది చేతికందితే దాన్నే కోశారు. ఎవరిలోనూ చెడుబుద్ధి లేదు. ఒక్కరైనా వెనక్కి తిరిగి మొదటి తప్పు దాకా నడవలేదు, అంతే. తను కూడా నడవలేదు. ఆరంగుళాలు ఎక్కువ అని మేనేజరు అన్నప్పుడు, దేనికంటే ఎక్కువ అని తనకు తోచలేదు.

తోట యజమానిని అందరూ పెద్దాయన అంటారు. శనివారాలు వచ్చి, బోర్లించిన క్రేటు మీద కూర్చుని, పండొకటి కోసి రుచి చూసి వెళతాడు. ఆమె చేతుల సిమెంటు దులుపుకుంటూ ఆయన ముందు నిలబడింది. మేనేజరు పక్కనే ఉన్నాడు.

"పెద్దయ్యా, ఈ గుమ్మం మొదట్లో ఎంత ఎత్తుండేదండీ?"

ఆయన పండు నములుతూ గుమ్మం వంక చూశాడు. "మా నాన్న రోజుల్లో గడ్డిబండి వచ్చేది. గడ్డి మీద బండివాడు కూర్చునేవాడు. వాడు తల వంచినట్టు నాకు గుర్తులేదు." నమలడం ఆపాడు. "ఇప్పుడు బండి మాత్రమే పడుతుంది. అవును. అదెలా?"

ఆమె చూపించింది. ఆయన లేచి వచ్చి, గోతిలోకి వంగి, బందును చేత్తో ముట్టుకున్నాడు.

"ఇదంతా పగలగొడితే వానకి నీళ్లు లోపలికొస్తాయి," అన్నాడు మేనేజరు. "అందుకే కదా పోసింది."

"నీళ్లెందుకొచ్చేవి సార్?" అంది ఆమె. "రాతినేల వేసినవాళ్లకి వాన సంగతి తెలియకుండా ఉంటుందా?"

కొమ్మలత్త కత్తెరతో వాకిలిని చూపించింది. "గుమ్మం ముందు అడ్డంగా కాలవ ఉండేది. బండి చక్రాలు దిగబడుతున్నాయని కంకర పోయించారు. కాలవ ఆ కిందే ఉంది. ఎక్కడికి పోతుంది?"

కాలవ పూడ్చిన రోజున మేనేజరు ఇక్కడ లేడు. కాని నేల మూడో పొర ఆయనే పోయించాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఒక్కరోజులో అవుతుందా?" అన్నాడు పెద్దాయన.

"రేపు సెలవు కదండీ. నాకివ్వండి."

"అవకపోతే?"

"అవకపోతే సోమవారం ఇంకొకాయన ఎలాగూ వస్తున్నాడు."

ఆయన మిగిలిన పండు ముక్క నోట్లో వేసుకున్నాడు. "రేపు నీదే," అన్నాడు. "ఎల్లుండి మాత్రం నాది."

*

ఆదివారం తెల్లవారేసరికి ముగ్గురు గుమ్మం ముందు ఉన్నారు. డ్రైవరమ్మ, ఆమె భర్త, కొమ్మలత్త. సమ్మెట, రెండు గడ్డపారలు, మూడు పారలు. కొమ్మలత్త చేతిలో ఎప్పటిలా కత్తెర కూడా ఉంది.

"అదెందుకత్తా?" అన్నాడు వెల్డరు.

"అలవాటు. చెయ్యి ఖాళీగా ఉంటే ఒళ్లు తూలుతుంది."

డ్రైవరమ్మ ముందు సుద్దతో నేల మీద గీసింది. గుమ్మం కింద మాత్రమే తవ్వితే చాలదు. కమాను వెనక చక్రాలకు సరిగ్గా పైన ఉంటుంది. ఆ చక్రాలు పూర్తిగా కిందకు దిగిన తరవాతే కమాను దూలం కిందికి రావాలి. కాబట్టి పల్లం వాకిట్లోనే మొదలవ్వాలి, లోపల ఎనిమిదడుగులు పోయాక మెల్లిగా ఎక్కాలి. ఇది ఎవరూ చెప్పింది కాదు. పదకొండేళ్లు ట్రాక్టరు సీటు మీద కూర్చున్న ఒంటికి తెలిసిన లెక్క.

మొదటి పొర మొండికేసింది. వెల్డరు సమ్మెట ఎత్తి దించిన ప్రతిసారీ తెల్లటి మచ్చ తప్ప ఏమీ పడలేదు. ఆమె ఆపి, శనివారం తవ్విన మూల దగ్గర రెండు పొరల మధ్యకు గడ్డపార మొన దూర్చింది. "కొట్టొద్దు. లేపు," అంది. ఇద్దరూ గడ్డపారల మీద బరువు వేశారు. బల్లంత ముక్క పెళుక్కున లేచింది. అక్కడి నుంచి పని మారిపోయింది. కొట్టడం మానేసి లేపుతూ పోయారు. కొమ్మలత్త వెనకే ముక్కలు ఏరి, లోపలి ఎత్తు దగ్గర ఏటవాలుగా పేర్చుకుంటూ వచ్చింది.

పదిగంటలవుతుండగా పొడుగాటి మనిషి ఒకాయన సైకిలు దిగి, స్టాండు వేసి, వచ్చి నిలబడ్డాడు.

"ఇక్కడ రేపటి నుంచి ట్రాక్టరు డ్యూటీ అన్నారు. బండి ఒకసారి చూసుకుందామని వచ్చా."

ముగ్గురి చేతులూ ఆగాయి. డ్రైవరమ్మ నడుము నిటారు చేసి, మోచేత్తో నుదురు తుడుచుకుంది. తన సీటులో కూర్చోబోయే మనిషి ఎలా ఉంటాడో అని రెండు రోజులుగా ఊహిస్తోంది. ఊహలో అతని మొహం చెడ్డగా ఉంది. ఎదురుగా ఉన్న మొహం మామూలుగా, కాస్త మొహమాటంగా ఉంది.

"అదుగో," అంది. "తాళం మేనేజరు గారి దగ్గరుంది."

అతను బండి చుట్టూ తిరిగాడు. టైర్లు నొక్కాడు. వెనక్కి వెళ్లి, సీటు వెనక నాలుగు బోల్టు చిల్లులు చూసి ఆగాడు. వేలు ఒక చిల్లులో పెట్టాడు.

"దీని కమాను ఏదక్కా?"

"షాపులో ఉంది. గుమ్మంలో పట్టడం లేదని తీశారు."

"ఏటవాలు ఉందా తోటలో?"

"పైవరసలన్నీ ఏటవాలే."

"సీటు బెల్టు మాత్రం ఉంచారు," అన్నాడు, దాన్ని ఎత్తి పట్టుకుని. "కమాను లేనప్పుడు ఇది కట్టుకుంటే బండితో పాటు మనమూ కిందికే. కట్టుకోకపోతే ఎటు పడతామో తెలియదు. మంచి డ్యూటీయే చెప్పారు నాకు!"

బెల్టు వదిలేసి గుమ్మం దగ్గరికి వచ్చాడు. సుద్దగీతలు చూశాడు. లేచిన పొరలు చూశాడు. అడగకుండానే అతనికి సంగతి అర్థమైనట్టుంది.

"మరి మీరంతా చేస్తున్నది..."

"దాని చోటు దానికి ఇస్తున్నాం," అన్నాడు వెల్డరు.

"నాయనా, పని చూడ్డానికొచ్చావా, మనుషుల్ని చూడ్డానికా?" అంది కొమ్మలత్త. "అంత పొడుగు ఊరికే నిలబెడితే ఏం లాభం?"

పొడుగాయన చొక్కా విప్పి సైకిలు హ్యాండిలుకు తగిలించి, సమ్మెట అందుకున్నాడు.

మధ్యాహ్నానికి రాతినేల బయటపడింది. రాళ్ల మీద పాత బండి చక్రాలు అరగదీసిన రెండు గాడులు ఉన్నాయి. కంకర తోడుతుంటే కాలవ కూడా దొరికింది. చెక్కిన రాళ్లతో కట్టింది, నిండా మట్టి తప్ప ఎక్కడా విరగలేదు. కొమ్మలత్త చీరచెంగు దోపుకుని కాలవలోకి దిగి, అటు చివర దాకా చేతులతో మట్టి తోడింది. ఎండ వాలేవేళకు డ్రైవరమ్మ ఒక పీపా నిండా నీళ్లు దొర్లించుకొచ్చి వాకిట్లో ఒక్కసారిగా కుమ్మరించింది. నీళ్లు గుమ్మం వైపు ఉరికి వచ్చాయి. నలుగురూ కదలకుండా చూశారు. అవి కాలవ అంచు దాకా వచ్చి, లోపలికి జారి, గోడ వెంట గలగలమంటూ తోటలోకి వెళ్లిపోయాయి.

"ఎక్కడికి పోతుందని చెప్పలా?" అంది కొమ్మలత్త.

వెల్డరు కాలవ మీద వెయ్యడానికి ఇనుప చువ్వల జాలీ తెచ్చాడు. దాన్ని మధ్యాహ్నం షాపుకెళ్లి అతికించాడట. దాని మీద ట్రాక్టరెక్కినా ఏమీ కాదన్నాడు. అని, భార్య వైపు చూసి, "మూడుసార్లు జాకీ పెట్టి చూశా," అన్నాడు.

*

సోమవారం పొద్దున మేనేజరు అందరికంటే ముందు వచ్చాడు. డ్రైవరమ్మ వచ్చేసరికి గుమ్మం కింద పల్లంలో దిగి నిలబడి, తల పైకెత్తి, టేపు దూలానికి ఆనించి ఉన్నాడు.

"ఏడడుగుల పదకొండు," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. కాసేపాగి, "మూడంగుళాలు మిగులు," అన్నాడు.

కమాను దాని చోట్లో ఉంది. నాలుగు బోల్టులూ వెల్డరు బిగించి వెళ్లాడు. పసుపు కాగితం మీద మరక కూడా లేదు. మొదటి ట్రాలీ క్రేట్లు నింపి సిద్ధంగా ఉంది. వాకిట్లో ఆడవాళ్లు రెండు వరసలుగా నిలబడ్డారు. పని మొదలుకాకముందే అంతమంది పని ఆపి నిలబడటం ఆ తోటలో అదే మొదలు. పెద్దాయన క్రేటు మీద కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు.

పొడుగాయన కూడా వచ్చాడు. మేనేజరు జేబులోంచి తాళం తీసి అతని వైపు చాపాడు. అలా చాపడంలో కక్ష లేదు. గురువారం నాడు అనుకున్న పనిని సోమవారం నాడు పూర్తిచేసే మనిషి అలవాటు మాత్రమే ఉంది.

"నాకెందుకు సార్?" అన్నాడు పొడుగాయన చేతులు వెనక్కి పెట్టుకుని. "గుమ్మంలోంచి తెస్తే ఆమే అన్నారంటగా. ముందు ఆమెని తేనివ్వండి. నన్ను ట్రాలీ దగ్గర వేసుకోండి, మోస్తాను. పైవరసలు ఎలా తిరగాలో అక్క వెనక నడిచి నేర్చుకుంటా."

తాళం గాలిలో కాసేపు ఉండిపోయింది. మేనేజరు దాని వంక చూశాడు, గుమ్మం వంక చూశాడు. ఆయన లోపల ఏదో కొలుస్తున్నట్టు, కొలత రెండుసార్లు తీసినట్టు కనిపించింది. తరవాత చెయ్యి డ్రైవరమ్మ వైపు తిప్పాడు.

ఆమె ఎక్కి కూర్చుంది. ఇంజను అందుకుంది. మొదటి గేరులో బండిని కదిలించింది.

"ఆగమ్మా, ఆగు," అంటూ మేనేజరు ముందుకు పరిగెత్తాడు. "టేపు వేరు, బండి వేరు. కదిలితే ఎగురుతుంది. మెల్లిగా, నేను చూపిస్తా, అలా రా." బండికి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, అరచేతులతో పిలుస్తూ వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఆయన కళ్లు ఆమె మీద లేవు. కమాను పైఅంచు మీద, దానికీ దూలానికీ మధ్య ఉండబోయే ఆ మూడంగుళాల మీద ఉన్నాయి.

ముందు చక్రాలు జాలీ మీద ఎక్కి దిగాయి. పల్లంలోకి జారాయి. వెనక చక్రాలు జాలీ దాటాయి. సీటు కిందకు దిగడం ఆమెకు కడుపులో తెలిసింది. గురువారం చప్పుడు వినిపించిన చోటికి బండి చేరింది. ఆమె భుజాలు తమంతట తామే బిగిశాయి. మెడ ముందుకు వంగబోయింది. ఆమె దాన్ని వంగనివ్వలేదు. వెనక్కి ఆనుకుని, నిటారుగా కూర్చుని, బండిని పోనిచ్చింది.

దూలం నీడ ఆమె మోకాళ్ల మీద పడింది, ఒడి మీదికి వచ్చింది, మొహం మీదుగా వెనక్కి పోయింది. ఏ చప్పుడూ రాలేదు.

వాకిట్లో ఒకామె ఖాళీ క్రేటు మీద అరచేత్తో కొట్టింది. ఇంకొకామె కొట్టింది. తరవాత అందరూ కొట్టారు. ఆ మోత షెడ్డు కప్పుకు తగిలి రెట్టింపై తిరిగి వచ్చింది. కొమ్మలత్త గొంతు అన్నిటికంటే పైన వినిపించింది. "తలుపులో పట్టని పెళ్లికొడుకన్న మహాతల్లి ఎవరే? ముందుకి రా, హారతి పట్టు!"

ట్రాక్టరు లోపలి ఎత్తు ఎక్కింది. వెనకే ట్రాలీ కూడా ఎక్కింది. మేనేజరుకు ఆ మోత వినబడినట్టు లేదు. బరువు తూచే బల్ల దాటి, కాగితాల బల్ల దాటి, ఆయన ఇంకా వెనక్కి నడుస్తూనే ఉన్నాడు. తల పైకెత్తి, పైన ఎత్తయిన కప్పు తప్ప ఏమీ లేని చోట అంగుళాలు వెతుకుతూ, రెండు చేతులతోనూ ఆమెను పిలుస్తూనే ఉన్నాడు. "రా, రా, ఇంకా ఉంది, రా..." వీపు వెనక గోడకు తగలబోతోంది.

ఆమె క్లచ్ తొక్కి బండి ఆపింది.

"చాలండి సార్," అంది. "దాటేశాం."